సిస్టరమ్మ కట్టిన తెరచాప ఓడలు

"అన్నా, అక్క ప్రభువునందు నిద్రించింది. తెల్లారి ఐదు గంటలకు."

సిస్టరమ్మ చెల్లెలు ఫోన్ చేసేసరికి నేను ఆళ్లగడ్డలో మా పనికొట్టంలో గరుడవాహనం రెక్కకు ఈకలు చెక్కుతున్నాను. ఉలి కింద పెట్టాను. ఆ తర్వాత నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎట్లా పోయింది, బాధపడిందా అని అడగాల్సినవాణ్ణి, "నాలుగో ఓడ అయిపోయిందామ్మా?" అని అడిగాను. "ఏమోనన్నా. బల్ల మీదనే ఉండాది. నువ్వే వచ్చి చూడు" అని పెట్టేసింది.

నన్ను రాతిగుండెవాణ్ణని అనుకోకండి. ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది. సిస్టరమ్మ కుడిచెయ్యి మళ్లీ ఒక్క ముడైనా వేసిందా, లేదా? రెండేళ్లుగా నేను లోపల పెట్టుకుని తిరుగుతున్న ప్రశ్న అది. అడగొద్దని ఆమె నా దగ్గర మాట తీసుకుంది కాబట్టి అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనిషే లేదు.

నంద్యాలలో ముప్పై ఏళ్లకు పైగా ఆపరేషన్ గదిలో నర్సుగా చేసిన మనిషి ఆమె. పాములపాడు వైపు సేద్యం చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. పెళ్లి వద్దనుకుంది. చెల్లెలితో కలిసి ఉండేది. పాలు పోసేవాడి దగ్గర్నుంచి చర్చిలో అయ్యగారి దాకా అందరూ సిస్టరమ్మ అనే పిలిచేవాళ్లు, అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. డాక్టరు చెయ్యి చాపకముందే కావలసిన పనిముట్టు ఆయన అరచేతిలో పెట్టేదట. "నోరు తెరిచి అడిగినాడంటే నేను ఆలస్యం చేసినట్టే" అనేది. ఉద్యోగం నుంచి దిగిపోయిన మరుసటి ఏడు ఆమెకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం పైకి లేచేది గాని, బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి పట్టుకునేవి కావు. అన్నేళ్లు సూదీ దారం అందించిన వేళ్లు చీరకొంగును కూడా పట్టలేకపోయాయి.

మా కొట్టానికి వచ్చేవాళ్లు దేవుడి కోసం వస్తారు. గుడి తలుపులో, వాహనమో, పూజగదిలోకి చిన్న విగ్రహమో అడుగుతారు. నాలుగేళ్ల కిందట ఒక పొద్దున తెల్లచీర కట్టుకున్న పెద్దామె బస్సు దిగి వచ్చి, దేవుళ్ల వైపు కన్నెత్తి కూడా చూడకుండా, నేరుగా మూలనున్న చెక్కముక్కల కుప్ప దగ్గరికి పోయి ఎడమచేత్తో కెలకడం మొదలుపెట్టింది.

"ఏం కావల్లమ్మా?"

"టేకు ముక్కలు. గీత తిన్నగా ఉండేటివి."

"దేనికి?"

"ఓడకు."

నాకు నవ్వాగలేదు. "ఓడకా? కుందూ ఏట్లో ఇడుస్తావా ఏంది?"

"నీళ్లల్లో ఇడిసేదానికి కాదప్పా, బల్ల మీద పెట్టుకునేదానికి. నవ్వుకుంటే నవ్వుకో. ముందు ముక్కలియ్యి."

ఇచ్చాను. మరుసటి నెల మళ్లీ వచ్చింది. ఈసారి సంచిలోంచి ఒక కాగితం తీసి, ఇట్లాంటి వంపు ముక్కలు పదహారు కోసిపెట్టమంది. ఎడమచేత్తో గీసిన బొమ్మ అది, గీతలు వణికాయి గాని కొలతలు తప్పలేదు. కోసి ఇవ్వడానికి నేను నంద్యాల పోయాను. ఆ తర్వాత మా ఇద్దరి రాకపోకలకు లెక్క లేదు.

నేను చిన్నప్పట్నుంచీ ఊరుకునే రకం కాదు. బస్సులో పక్కవాడి సంచిలో ఏముందో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు. ఓడే ఎందుకని ఆమెను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ మూడు జవాబులు వచ్చాయి. మొదటిసారి, "డాక్టరు రబ్బరు బంతి పిసకమన్నాడప్పా. పిసికి పిసికి ఏమొస్తాది? బంతే మిగుల్తాది. పని ఉంటే చెయ్యి దానంతటదే కదుల్తాది" అంది. పని కావాలంటే ఎద్దులబండి చేసుకోవచ్చు కదా అన్నాను రెండోసారి. "బండికి ఎన్ని తాళ్లుంటాయి? ఓడకు లెక్కపెట్టు సూద్దాం" అంది. వైద్యానికి పోయినచోట గంటలకొద్దీ కూర్చోబెట్టేవాళ్లట. ఎదురుగా గోడకు ఓడ బొమ్మ ఉన్న క్యాలెండరు. తాళ్లు లెక్కపెడుతూ కూర్చునేదట. ఎప్పుడూ లెక్క పూర్తికాకముందే పేరు పిలిచేవాళ్లట. మూడోసారి అడిగితే విసుక్కుంది. "ఊరికే, బాగుంటాదని. ప్రతిదానికీ కారణం ఉండాల్నా?" నేను ఎక్కువగా నమ్మింది ఈ మూడోదాన్నే.

వాళ్లింట్లో కిటికీ దగ్గర బల్ల. బల్ల మీద తెల్లగుడ్డ. గుడ్డ మీద స్టీలు ట్రేలో వరుసగా పాత ఫోర్సెప్సులు, వంకర సూదులు, చిన్న కత్తెర. ఇది ఓడ కట్టే చోటా, కడుపు కోసే చోటా అని మొదటిరోజు నాకు అనుమానం వచ్చింది. తాళ్లకు నల్లటి సిల్కు కుట్టుదారం వాడేది. గడువు తీరిపోయి పారేయాల్సిన పొట్లాలను తెలిసిన మందులషాపువాళ్లు ఆమె కోసం ఎత్తిపెట్టేవాళ్లు. తెరచాపలకు పాత డ్యూటీ చీరలు. గుడ్డకు గంజిపెట్టి బోర్లించిన చెంబు మీద ఆరేసేది. ఆరేసరికి గాలి నిండినట్టు వంపు తిరిగేది. ఓడ అడుగున పొడుగ్గా పోయే కొయ్యను వెన్నుపూస అనేది. నేను కోసిచ్చిన పదహారు ముక్కలు పక్కటెముకలు. "ఎనిమిదోది రవ్వంత ఉబ్బింది సూడు, దీనికి ఆయాసం ఉన్నట్టుండాది" అని నా పనిని ఎగతాళి చేసేది.

నేర్చుకున్నదంతా ఫోన్లో వీడియోలు చూసే. అయితే మాట వినపడకుండా చేసి చూసేది. ఏ దేశంవాళ్లో, ఏ భాషో, అర్థం కాక అనుకున్నాను. అర్థమయ్యే తెలుగు వీడియో ఒకటి నేను వెతికి పెడితే దాని గొంతు కూడా నొక్కేసింది. "మాటలు ఇనేవాళ్లు చేతుల్ని సరిగ్గా సూడరప్పా. ఆపరేషన్ గదిలో అందురి మూతికీ గుడ్డే. చేతులే మాట్లాడతాయి" అంది. ఇంటికొచ్చాక నా దగ్గర పనిచేసేవాళ్లకు ఈ మాట చెప్పి, ఆ పూటంతా మాట్లాడకుండా ఉలి పట్టి చూపించాను. నిజం చెప్పొద్దూ, నోటితో ఏడాది చెప్పినదానికన్నా ఎక్కువే ఎక్కింది.

నేను ఆమెకు నేర్పింది ఒక్కటే ఉంది. అందులోనూ నన్నే బోల్తా కొట్టించింది. మా పనిలో నిలబెట్టే కొయ్యకు మొదలు ఏదో కొన ఏదో గుర్తుపెడతాం. చెట్టుగా ఉన్నప్పుడు కిందున్న వైపు, విగ్రహమైనా స్తంభమైనా కిందే ఉండాలి. జానెడు ఓడ స్తంభానికి కూడా నేను అలవాటు కొద్దీ మొదలు దగ్గర పెన్సిలుతో గీత పెట్టి ఇచ్చాను. అదేమిటని అడిగింది, చెప్పాను. కళ్లు మెరిశాయి. స్తంభాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తెరచాప వేలాడే అడ్డకొయ్యను చేతికి తీసుకుని, "మరి దీనికి మొదలు ఏ తట్టు పెట్టాల?" అంది. ఇంటికొచ్చి ఎనభై దాటిన మా నాయనను అడిగాను. "అడ్డదూలానికైతే మొదలు దక్షిణానికో పడమటికో పెడతారు" అన్నాడు. "ఓడ తిరుగుతాంటాది కదా నాయనా, పొద్దునొక దిక్కు, మాపునొక దిక్కు?" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆయమ్మను ఒగసారి ఈడికి పిల్చకరా, మాట్లాడాల" అన్నాడు. పిల్చుకొచ్చాను. ఇద్దరూ మధ్యాహ్నమంతా దాని మీదే కూర్చున్నారు, ఏమీ తేల్చలేదు. ఇద్దరికీ పట్టరాని సంతోషం.

తప్పులు కూడా చేశాం. రెండో ఓడకు స్తంభం కొసన జెండా పెట్టే పని నాది. గంజిపెట్టిన ఎర్రగుడ్డను చక్కగా అలలు తిప్పి, ఓడ వెనకవైపుకు ఎగురుతున్నట్టు అంటించాను. ఎలక్షన్లప్పుడు నంద్యాల రోడ్డు మీద పోయే ప్రతి జీపుకూ, ట్రాక్టరుకూ జెండా వెనక్కే ఎగురుతుంది కదా. ఆమె కూడా ముచ్చటపడింది. ఆరునెలలు ఇంటికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఒకరోజు కరెంటు పోయి వచ్చి, ఆగిపోయిన టేబుల్‌ఫ్యాను ఉన్నట్టుండి తిరిగింది. సిస్టరమ్మ ఫ్యాన్ వైపు, ఓడ వైపు మార్చి మార్చి చూసింది. "అప్పా, తెరచాప ముందుకు ఉబ్బిందంటే గాలి యాడ్నించి వస్తాంది?"

"ఎనకనించి."

"మరి నీ జెండా ఎనక్కి ఎట్ల ఎగురుతాంది? దానికొక్కదానికీ వేరే గాలా?"

చిన్న గుడ్డపేలికను పుల్లకు కట్టి ఫ్యాన్ ముందు పెట్టాం. పేలిక ముందుకే పోయింది. పుల్ల ఎట్లా తిప్పినా ముందుకే పోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని పగలబడి నవ్వాం. మా ఓడ ఆరునెలలపాటు జీపులాగా పోయింది. జెండా పీకి తిప్పి అంటించేదాకా ఆమె నాకు టీ ఇవ్వలేదు.

ఆమె పనిలో ఒక నియమం ఉండేది. ఓడ పైన డెక్కు పలకలు అంటించి మూసేముందు ట్రేలో ఉన్నవన్నీ లెక్కపెట్టాలి. సూదులు ఇన్ని, ఫోర్సెప్సులు ఇన్ని, దూదిముక్కలు ఇన్ని. "లెక్క కుదరందే పొట్ట మూయగూడదు" అనేది. మూడో ఓడకు ఒక సూది తక్కువొచ్చింది. ఐదున్నర బస్సుకు పోవాలని నేను తొందరపడుతున్నాను. "యాడికి పోతాండావ్? గమ్మున కూర్చో" అంది. బల్ల కింద, చాప కింద, ఓడ కడుపులో టార్చిలైటు వేసి వెతికాం. బస్సు పోయింది. దాని వెనక బస్సూ పోయింది. చివరికి ఆమె చెల్లెలు నా చొక్కా వీపున గుచ్చుకుని ఉన్న సూదిని చూసి తీసింది. అదెట్లా అక్కడికి చేరిందో నాకు నేటికీ తెలియదు. ఇప్పుడు సాయంత్రం కొట్టం మూసేముందు ఉలులు లెక్కపెట్టనిదే నేను తాళం వేయను. ఆమె నాకిచ్చిపోయిన అలవాటు అది.

ఇక ఆ చెయ్యి సంగతి. ముళ్లన్నీ ఎడమచేత్తోనే వేసేది, ఇంకో కొసను పళ్లతో పట్టుకుని. కుడిచెయ్యి చెక్క కదలకుండా బరువు పెట్టడానికి పనికొచ్చేది. "ఇది ఇప్పుడు కాయితాల మీద పెట్టే రాయప్పా" అని తనే నవ్వేది. రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక మధ్యాహ్నం, "సూడు, ఈరోజు వస్తాదేమో" అని కుడివేళ్ల మధ్య దారం పెట్టుకుంది. దారం జారింది. మళ్లీ పెట్టుకుంది. జారింది. పదోసారో పదకొండోసారో నేను ఉండబట్టలేక వంగి దారం తీయబోయాను.

"ముట్టుకోవద్దు!"

ఆ గొంతు అంతకుముందు నేను వినలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎడమచేత్తో తుడుచుకుంది. "ఎన్ని వేల కడుపులకు దారం అందిచ్చింటాది ఈ చెయ్యి. ఒక్క ముడప్పా. ఒక్క ముడి ఏసి పోతే సాలు" అంది. కాసేపయ్యాక తనే తేరుకుని, "మనుషులు సూస్తాంటే దీనికి సిగ్గు. ఒక్కదాన్నే ఉన్నప్పుడు కొంచెం కొంచెం మాటింటాది. ఇంక నువ్వు అడగొద్దు. వస్తే నేనే చెప్తా" అంది. సరేనన్నాను.

నాలాంటివాడికి అది ఎంత శిక్షో ఆమెకు తెలుసు. పోయినప్పుడల్లా కుడిచెయ్యి మీద ఒక తువ్వాల కప్పి ఉండేది. నా చూపు అటు పోతే చాలు, "దొర్నిపాడులో వానలు పడినాయంటనే?" అని మాట మార్చేది. చివరిసారి, పోయిన నెల, ఉగ్గాని చేయించి పెట్టింది. నాలుగో ఓడకు మూడు స్తంభాలు నిలబడ్డాయి. తాళ్లు సగానికి వచ్చాయి. ముఖం తేటగా ఉంది. తువ్వాల మాత్రం అట్లే ఉంది. నేను అడగలేదు. బస్సెక్కి కూర్చున్నాక కూడా మనసు అక్కడే ఉంది.

భూస్థాపన రోజు ముందుగదిలో పెట్టె పెట్టడానికి చోటు లేక బల్లను ఎత్తి లోపలికి మార్చారు. అప్పుడు ఓడ పక్కకు కట్టిన తాళ్ల నిచ్చెన ఒకటి తలుపు గడియకు తగిలి తెగింది. సమాధుల తోట నుంచి వచ్చాక ఆమె చెల్లెలు దాన్ని చూసి ఏడ్చింది. "అక్క పేరున ఆదరణ కూడిక పెడతాం, అందురూ వస్తారన్నా. అప్పటికి బాగుచేసి తెచ్చియ్యి" అంది. ఓడను ఒళ్లో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. కండక్టరు దానికి టికెట్ అడగలేదు గాని, దారి పొడుగునా జనం ప్రశ్నలు అడిగారు.

ఓడ అంచు నుంచి స్తంభం దాకా కొన్ని తాళ్లు వాలుగా పోతాయి. వాటి మీద అడ్డంగా సన్నటి తాళ్లు కడతారు, ఓడలో పనిచేసే కళాసులు మెట్లలాగా ఎక్కడానికి. తాడూ తాడూ కలిసిన ప్రతిచోటా ఒక ముడి. దారం రెండు చుట్లు తిరిగి, పైన ఒక చిన్న గీతలాగా పడుతుంది. తెగిన నిచ్చెనను ఆమె కట్టినట్టే కట్టాలి కాబట్టి, బాగున్న నిచ్చెనను భూతద్దం పెట్టి చదవడం మొదలుపెట్టాను. శిల్పుల ఊళ్లో పెరిగినవాడికి ఒక బుద్ధి ఉంటుంది. ఉలి దెబ్బల వాలు చూస్తే చెక్కినవాడిది కుడివాటమో ఎడమవాటమో తెలిసిపోతుంది. ముడి మీది గీతలన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి, ఎడమచేతి వాలు. కింది మెట్టు నుంచి పైకి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. అన్నీ అంతే. అన్నీ అంత బిగువే.

అన్నిటికన్నా పైమెట్టు దగ్గర గీత అటువైపు తిరిగింది.

ఒకటి కాదు, ఐదు. ఆ మెట్టులో ఉన్న ఐదు ముళ్లూ తక్కిన ఓడకంతా ఎదురు తిరిగి వాలాయి. వదులుగా ఉన్నాయి. ఒకదాంట్లో దారం రెండు పోగులై ముద్దయింది. "వదులు ముడంటే నెత్తురు కారే ముడి" అని, వెంట్రుకవాసి తేడా ఉన్నా కత్తిరించి మళ్లీ వేసే మనిషి ఈ ఐదింటినీ వదిలేసింది. పోయిన నెల నేను చూసినప్పటికి ఈ నిచ్చెన కట్టలేదు, పైగా కట్టేది కింది నుంచి పైకి. అంటే ఇవి ఆమె చివర వేసినవి.

వెంటనే నమ్మడానికి భయమేసింది. చెల్లెలికి ఫోన్ చేశాను. "ఈ ఓడకు నువ్వేమన్నా ముళ్లేసినావామ్మా?"

"నన్ను ఆ బల్ల తట్టు రానిచ్చేదా అన్నా? ఏంది, ఏమైంది?"

"పోయిన నెలలో అక్క నీకేమన్నా చెప్పిందా?"

ఆమె గుర్తు చేసుకుంది. "ఏం చెప్పలేదన్నా. ఒకనాడు లోపల ఒక్కతే నవ్వుతాండె. ఏందక్కా అంటే, ఏం లేదు, కాఫీ పెట్టు అనింది. రెండు గ్లాసులు తాగింది."

ఫోన్ పెట్టేసి, కొట్టంలో పనివాళ్ల ముందే ఏడ్చాను. సంతోషమే ఎక్కువ. కోపం కూడా వచ్చింది. వస్తే నేనే చెప్తానన్న మనిషి ఎందుకు చెప్పలేదు? బిగువుగా ఒకటి పడ్డాక నన్ను పిలిచి చూపిద్దామనుకుందో, ఆ నవ్వును కొన్నాళ్లు తనకే ఉంచుకుందామనుకుందో. వదులు ముడిని ముడి అని చెప్పుకునే మనిషి కాదు ఆమె. అయినా కత్తిరించలేదు. ఆలోచించేకొద్దీ నాకు తెలిసేది ఏమీ లేదు, ఆమె మీద ప్రేమ పెరగడం తప్ప.

తెగిన నిచ్చెన కట్టేశాను. ఆదరణ కూడిక రోజు ఓడను తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టాం. చూడటానికి బాగుండేది రెండోవైపే, తెరచాపలు అటే నిండుగా కనిపిస్తాయి. నేను మాత్రం ఆ ఐదు ముళ్లున్న వైపే జనానికి కనిపించేటట్టు తిప్పాను. పాటలూ ప్రార్థనా అయి, అందరూ భోజనాలకు లేచాక, చెల్లెలిని దగ్గరికి పిలిచి పైమెట్టు చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని ముఖం దారాలకు ఆనేంత దగ్గరగా వంగింది.

"ఇవి ఆ చేతివేనా?"

"ఆ చేతివేనమ్మా."

ఐదు ముళ్లనూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. తర్వాత, "చివరిదానికి కొస వదిలేసింది సూడన్నా. కత్తిరియ్యి, బాగలేదు" అని లోపలికి పోయి అక్క కత్తెర తెచ్చింది.

నిజమే, ఐదో ముడి దగ్గర వేలి కణుపంత దారం మిగిలి ఉంది. ముడి ఒకరు వేస్తే కొస ఇంకొకరు కత్తిరించాలి, ఆపరేషన్ గది పద్ధతి అది అని, నేను పక్కన ఉన్నప్పుడు సిస్టరమ్మ ముడి వేసి కత్తెర నాకు అందించేది. ఈ ఐదు ముళ్లూ వేసినరోజు పక్కన ఎవరూ లేరు. చెల్లెలు కత్తెర పట్టుకుని నిలబడింది. నేను చెయ్యి చాపలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ నల్లదారం కొస కొంచెం కొంచెంగా కదులుతూనే ఉంది.